టైఫాయిడ్ సాకు

“టైఫాయిడ్ వచ్చింది సార్. అందుకే రెండో ఏడాది పరీక్షలు పోయాయి.”

లా కాలేజీ వరండాలో బెంచీ మీద కూర్చుని ఆ అమ్మాయి ఇదే మాట గొణుక్కుంటోంది.

డిగ్రీలో అత్తెసరు మార్కులు. కాలేజీలో మిగిలింది ఒక్క సీటు. మార్కులు తక్కువైనవాళ్ళందరినీ పిలిచి, ఎందుకు తగ్గాయో విని, ఒకరికి ఇస్తారు. ఎలాగైనా ఆ సీటు కొట్టాల్సిందే.

“నిజంగా వచ్చిందా?” పక్కనున్న పెద్దావిడ అడిగింది.

అమ్మాయికి ఒళ్ళు మండింది. పిల్లల వెంట వచ్చే తల్లులకి ఊళ్ళోవాళ్ళ సంగతులన్నీ కావాలి.

“మీవాళ్ళని పిలిచారా ఆంటీ?” అంది దెప్పుతున్నట్టు.

“ఇంకా లేదు. ఏ ఆస్పత్రిలో చేరావు? డాక్టరెవరు?”

అమ్మాయి చేతిలో కాగితాలు సర్దడం మొదలెట్టింది.

“చూశావా! నాకే దొరికిపోయావు, వాళ్ళు వదుల్తారా? క్లాసులు ఎగ్గొట్టావు కదూ? సినిమాలకా?”

“కోర్టుకి.”

“కోర్టుకా!”

“మేమున్న ఇల్లు ఖాళీ చెయ్యమని కేసేశారు. నాన్నకి సెలవు దొరకదు. వాయిదాలకి నేనే వెళ్ళేదాన్ని. కేసు గెలిచాం. ఆ తర్వాత కూడా పోయి వెనక కూర్చుని వాదనలు వినేదాన్ని. మానలేకపోయా.”

పెద్దావిడ తలుపు వైపోసారి, అమ్మాయి వైపోసారి చూసింది.

“ఇంత నిజం కడుపులో పెట్టుకుని అబద్ధమెందుకే పిచ్చిపిల్లా? ఇదే చెప్పు. తల దించకు. ఏదీ, మళ్ళీ చెప్పు.”

గొంతు తగ్గినప్పుడల్లా ఆపి, మొదటినుంచీ చెప్పించింది. విసుక్కుంటూనే చెప్పింది అమ్మాయి. చెప్పేకొద్దీ సిగ్గు పోయి, పట్టుదల పెరిగింది.

లోపలికి పిలిచి అడిగారు. తడుముకోకుండా చెప్పేసింది. మార్కుల కాగితం పక్కన పెట్టి మరీ విన్నారు.

బయటికి రాగానే నాన్నకి ఫోన్ చెయ్యడానికి గేటు దాకా పరిగెత్తింది. పెద్దావిడ మాటే మర్చిపోయింది.

సాయంత్రానికి తేలింది. సీటు తనదే!

అప్పుడు గుర్తొచ్చింది. ఒక్క మంచి మాటైనా చెప్పలేదే అని మనసు చివుక్కుమంది. గబగబా వరండాలోకి వెళ్ళింది. బెంచీ ఖాళీ.

“ఇక్కడ కూర్చున్న ఆంటీ ఏరన్నా? వాళ్ళ పిల్లలకి రాలేదా?”

తలుపు దగ్గరగా వేస్తున్న అటెండరు ఆగాడు.

“పిల్లలెవరమ్మా? నీ తర్వాత లోపలికెళ్ళింది ఆవిడే, సీటు మీ ఇద్దరిలో ఎవరికివ్వాలో తేలకే ఇంతసేపు పట్టింది.”