మొసలిని పడేసిన చీకటి

"మొసలి, చీకటి ఒక్కరేనని రేడియోలో చెప్పావంటే నీ పరువు పోతుంది తల్లీ," అన్నాడు న్సింబా, బీరు గ్లాసు బల్ల మీద పెడుతూ. "ఎవడైనా తన్ను తానే ఎత్తి పడేసుకుంటాడా?"

మకియెసే రికార్డర్ ఆపేసింది. ఆదివారం కిన్షాసా రేడియోలో ఆమె మొదటి సొంత కార్యక్రమం. చనిపోయిన వస్తాదు మవుంగు కథ. ఊరూరా తిరిగి కుస్తీలు పట్టినవాడు, ఊరికో పేరు పెట్టుకున్నవాడు. బోమాలో చిరుత, కిసాంటులో పిడుగు, ఇక్కడ మాతాదిలో మొసలి. ఒక ఊళ్ళో భుజాలకెత్తుకుని ఊరేగించిన మనిషినే పక్క ఊళ్ళో దుర్మార్గుడని అరటితొక్కలతో కొట్టేవాళ్ళు. నల్లముసుగు వేసుకుంటే అతనే చీకటి. ఆ ముసుగు అతని సంచీలో చూశామని బోమావాళ్ళూ, కిసాంటువాళ్ళూ చెప్పారు. అన్ని పేర్లూ దొరికాయన్న ధీమాతోనే ఆమె పాత రిఫరీ న్సింబాని వెతుక్కుంటూ వచ్చింది.

ఆయన చెప్పింది వేరు. ముప్పై ఏళ్ళ కిందట ఇదే ఊరి మైదానంలో మొసలికీ చీకటికీ కుస్తీ జరిగింది. రిఫరీ తనే. ఎవరు గెలవాలో ముందే మాట్లాడుకోవడం వాళ్ళకి మామూలే. ఆ రోజు మొసలి గెలవాలి. కానీ చీకటి ఉన్నట్టుండి అతని చెయ్యి మెలిపెట్టి, వెల్లకిలా పడేసి, ఛాతీ మీద ఎక్కి కూర్చున్నాడు.

"నేను కావాలనే మెల్లగా లెక్కపెట్టాను," అన్నాడు న్సింబా. "ఒకటి అని చెమట తుడుచుకున్నాను. రెండు అని బెల్టు సర్దుకున్నాను. మొసలి లేవడే. నటన కాదమ్మా, వాడి కళ్ళలో నీళ్ళు చూశాను."

మూడు అనగానే, గెలిచిన చీకటి బరి చుట్టూ కట్టిన తాళ్ళ కిందనుంచి దూరి, జనాన్ని తోసుకుంటూ వెళ్ళిపోయాడట. మళ్ళీ ఆ ముసుగు ఈ ఊళ్ళో కనబడలేదు. మవుంగుని ఎన్నిసార్లు అడిగినా మాట మార్చేవాడట.

"అంత పట్టున్న వస్తాదుని నేను మళ్ళీ చూడలేదు. చచ్చేలోగా వాడెవడో తెలుసుకోవాలని ఉంది. నీకు తెలిస్తే ఆదివారం దాకా ఆగకు, నాకు ముందు చెప్పు."

మవుంగు భార్య పేరు లూజోలో. ఆమె ఇల్లు కొండ మీద. మకియెసే ఆయాసపడుతూ ఎక్కేసరికి ఆమె వాకిట్లో కర్రపెండలం ఆకు దంచుతోంది. కూర్చోబెట్టి, వేయించిన చేప ముందు పెట్టింది. మొగుడి పేర్లన్నీ మొదటిసారి వచ్చినప్పుడు నవ్వుకుంటూ చెప్పిన మనిషే, చీకటి అనేసరికి ముఖం తిప్పుకుంది.

"ఆ ఒక్క పేరు వదిలెయ్యి తల్లీ."

వదిలేస్తే కథ కుంటిదవుతుందని మకియెసే బతిమాలింది. మవుంగే చీకటి అంటే న్సింబా ఊరుకోడు, కాదంటే మిగతా ఊళ్ళవాళ్ళు నవ్వుతారు. "ముసుగు మీ ఇంటిదేగా అమ్మా. ఆ రోజు అందులో ఉన్నదెవరు? ఆయన తమ్ముడా, శిష్యుడా?"

లూజోలో దంపుడు ఆపకుండానే చెప్పుకొచ్చింది. ఆ రోజు కుస్తీకి రావాల్సిన వస్తాదు రాలేదు. లారీ దారిలో బురదలో దిగబడింది. ఇక్కడ మైదానం కిటకిటలాడుతోంది. జనం కుర్చీలు విరగ్గొట్టడం మొదలుపెట్టారు. మవుంగు సంచీలోంచి ముసుగు తీసి, కనబడిన ప్రతి మగాణ్ణీ వేసుకోమని బతిమాలాడు. ఒక్కడూ ఒప్పుకోలేదు.

"మరి చివరికి ఎవరు వేసుకున్నారు?"

లూజోలో రోకలి పక్కన పెట్టి, నడుముకు చుట్టుకున్న గుడ్డతో చేతులు తుడుచుకుంది. ఆ చేతుల వంకా, ఆ భుజాల వంకా చూసేసరికి మకియెసేకి నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

"ఏం, అట్లా చూస్తావ్? ఆయన వెంట అన్ని ఊళ్ళూ తిరిగినదాన్ని. రోజూ పొద్దున ఆయన సాధన చేస్తుంటే ఎదురు నిలబడింది నేనే కదా," అంది లూజోలో. "వదులు చొక్కా తొడిగాడు. నోరు విప్పొద్దన్నాడు. కాసేపు పెనుగులాడి పడిపొమ్మన్నాడు. సరేనన్నాను."

మకియెసే చేప మింగి, నవ్వు ఆపుకోలేక, ఆయన కళ్ళలో నీళ్ళు నిజమేనా అని అడిగింది.

నిజమేనంది లూజోలో. ఆ భుజం ప్రతి వానాకాలం సలిపేది, తనే కాపడం పెట్టేది. పెట్టించుకుంటూ ఆయన కిక్కురుమనేవాడు కాదు. ఎందుకు గెలిచావని ఒక్కసారి కూడా అడగలేదు.

"నేను అడుగుతున్నానమ్మా. పడిపోతానని ఒప్పుకున్న మనిషి, ఎందుకు గెలిచారు?"

లూజోలో మళ్ళీ రోకలి అందుకుంది.

"మైదానమంతా మొసలీ, మొసలీ అని అరుస్తోంది. ముందు వరుసలో ఎవత్తో ఒకతె మాత్రం ఆయన్ని, నా పిచ్చుకా అని పిలిచింది. ఆ పేరు మా పడగ్గది దాటి బయటికి పోలేదనుకున్నాను నేను."