కుండ వంచిన బొమ్మ

“నడుము ఇంకా సన్నబడాలయ్యా. పిడికిట్లో ఇమిడిపోయేట్టుండాలి,” అన్నాడు ఇంటాయన, తడి సిమెంటు మీద వేలితో గీత గీసి చూపిస్తూ.

శిల్పి తాపీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. “ఇప్పటికే బాగా తగ్గించాను సార్. ఇంకా గీకితే లోపలి ఇనప చువ్వ బయటపడుతుంది.”

“పడకుండా గీకు. నీళ్ళకి తడిసి బట్ట ఒంటికి అతుక్కుపోయినట్టుండాలి. పైన కూడా సరిపోలేదు, ఇంకో పొర వెయ్యి.”

వంటింటి కిటికీలోంచి ఇల్లాలికి ప్రతి మాటా వినబడుతోంది. ఇంటి ముందున్న ఆ కాస్త తోటలో సిమెంటు కొంగలు, ఎర్ర పుట్టగొడుగులు, నోరు తెరిచిన కప్ప, రంగు రాళ్ళు కాలు పెట్టే చోటు లేకుండా పేరుకుపోయి ఉన్నాయి. వాటినైతే ఎలాగో భరించింది. గులాబీ మొక్కలు పీకించి, ఆ చోట కుండ వంచి నీళ్ళు పోసే ఈ ఆడబొమ్మని లేపడం మొదలుపెట్టాక మాత్రం ఆమెకి అన్నం సహించడం లేదు.

ఆయన లోపలికొచ్చి చేతులు కడుక్కున్నాడు. కడుక్కుంటూ కూడా కిటికీలోంచి బొమ్మనే చూస్తూ నాలుకతో పెదవులు తడుపుకున్నాడు. ఆమె కిటికీ రెక్క మూసేసింది.

“ఎదిగిన పిల్ల ఉన్న ఇల్లండీ. అది వీధి గుమ్మంలోంచి రావడం మానేసి పెరటి దారిన వస్తోంది. స్నేహితుల్ని ఎవర్నీ ఇంటికి రావద్దని చెప్పేసిందట.”

“దానికేం తెలుసు? ఇది కళ. పెద్ద పెద్ద బంగళాల్లో ఇలాంటివే పెట్టుకుంటారు.”

“కళైతే మరి ముఖం గురించి ఒక్క మాటా చెప్పరేం?”

ఆయన పెద్దగా నవ్వాడు. గుమ్మంలోకి వెళ్ళి, “ముఖం నీ ఇష్టమయ్యా, ఏదో ఒకటి పెట్టెయ్. దాన్నెవడు చూస్తాడు? ఆదివారం మా ఆఫీసు వాళ్ళొస్తున్నారు, ఆలోగా అయిపోవాలి,” అని శిల్పికి కేకేశాడు. బండెక్కబోతూ, అప్పటికే ఆరిపోయిన బొమ్మ తొడ మీద చేత్తో ఒక్క చరుపు చరిచాడు.

వరండాలో కూర్చుని పేపరు చదువుకుంటున్న ఆయన తల్లి అది చూసింది. పేపరు మడిచి పక్కన పెట్టేసింది.

బండి వీధి మలుపు తిరగ్గానే ఇల్లాలు చరచరా తోటలోకి వచ్చింది. “దీన్ని పగలగొట్టెయ్యి. ఆయనకి నేను చెప్పుకుంటాను.”

శిల్పి తల ఎత్తలేదు. “నాకూ చెయ్యబుద్ధి కావడం లేదమ్మా. ఇంటికెళ్ళి మా ఆడవాళ్ళ ముఖం చూడాలంటే అదోలా ఉంటోంది. కానీ నేను పగలగొడితే సారు ఇంకొకణ్ణి పిలుస్తారు. వాడు ఇంతకంటే ఘోరంగా చేసిపెడతాడు.”

అదీ నిజమే. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

“అమ్మాయ్, నువ్వు లోపలికి వెళ్ళు,” అంది అత్తగారు వరండా దిగి వస్తూ. “నేను మాట్లాడతాను.”

“ఏం లాభం అత్తయ్యా? ఆయన మీ మాట మాత్రం వింటారా?”

“వాడితో కాదు, ఇతనితో. వెళ్ళు, పొయ్యి మీద పాలున్నాయి.”

అత్తగారు లోపలికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. మెడ రుద్దుకుంటూ వచ్చి మంచం మీద వాలింది.

“ఏమన్నాడత్తయ్యా?”

“అతని పని అతన్ని చేసుకోనీ,” అని గోడవైపు తిరిగి పడుకుంది.

సాయంత్రానికి బొమ్మకి తల నుంచి పాదాల దాకా తడి గోనెపట్టాలు చుట్టి ఉన్నాయి. అంటే అంతా అయిపోయిందన్నమాట. ఎంతైనా కన్న కొడుకు కదా, ఈవిడ కూడా అటే చేరిపోయింది అనుకుంది ఇల్లాలు. అత్తగారికి కాఫీ ఇచ్చేటప్పుడు కూడా ముఖం చూడలేదు. ఇంటాయన మాత్రం వస్తూనే పట్టాల చుట్టూ రెండుసార్లు తిరిగి, “ఆరేదాకా విప్పొద్దన్నాడట. సరే, అందరి ముందే విప్పుతా,” అని మురిసిపోయాడు.

ఆదివారం తోట నిండా మనుషులు. అత్తగారు వరండాలో కూర్చుని వచ్చినవాళ్ళందర్నీ పలకరించింది. కూతురు గది తలుపు గడియ వేసుకుని బయటికి రాలేదు. ఇల్లాలు కప్పుల పళ్ళెం పట్టుకుని, బొమ్మకి వీపు పెట్టి నిలబడింది.

ఇంటాయన పట్టాలు ఒక్కసారిగా లాగలేదు. కింది నుంచి ఒక్కొక్కటీ మెల్లగా విప్పడం మొదలుపెట్టాడు. పాదాలు. మోకాళ్ళు. నడుము బయటపడగానే ఎవరో సన్నగా ఈల వేశారు. “సార్ టేస్టే టేస్టు,” అన్నాడొకడు. ఇంకోడు ఫోన్ తీశాడు. ఇల్లాలికి ఒళ్ళంతా తేళ్ళూ జెర్రులూ పాకినట్టయింది.

ఆయన బొమ్మ తల మీది పట్టా కూడా పీకి పారేసి, మోటారు స్విచ్ నొక్కి, రెండు చేతులూ చాపి అతిథుల వైపు తిరిగాడు. కుండలోంచి నీళ్ళు జలజలా పడ్డాయి.

ఎవరూ నవ్వలేదు. ఈల వేసినవాడు నేల చూపులు చూస్తున్నాడు. ఫోన్ తీసినవాడు దాన్ని జేబులో పెట్టేసుకున్నాడు. పై అధికారి సగం తాగిన కప్పు పళ్ళెంలో పెట్టి, “మేం బయల్దేరతామండీ,” అని గొణిగాడు.

అప్పుడు ఇంటాయన వెనక్కి తిరిగి, తల ఎత్తి, బొమ్మ ముఖంలోకి చూశాడు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

“ఎవరు... ఎవరు చెయ్యమన్నారు ఇలా?”

“నేనేరా. నా ముఖమే దించమని అతని ఎదురుగా కూర్చున్నాను,” అంది వరండాలోంచి తల్లి. “ఇక రోజూ కళ్ళనిండా చూసుకో.”