తగ్గని షుగరు

"మూడొందల ముప్పై!" నర్సు హేమావతి మిషన్ వైపు, సుంకమ్మ వైపు మార్చి మార్చి చూసింది. "పోయిన నెల కన్నా ఎక్కువుండాది. మాత్రలు మింగుతాండావా, అమ్ముకుంటాండావా?"

గది నిండా ముసలివాళ్లు. అందరూ ఇటు తిరిగారు. సుంకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఏడాది నుంచి ఆ పల్లె ఆస్పత్రిలో గురువారం పేద ముసలివాళ్లకే. మెట్ల పక్కన వాలుదారి పోశారు. పట్టుకుని నడవడానికి గోడకు పైపులు బిగించారు. నేల మీద కూలబడకుండా కుర్చీలు వేశారు. ఇదంతా దగ్గరుండి చేయించింది ఆస్పత్రి కమిటీ పెద్ద రాఘవేంద్ర. ప్రారంభం రోజు మైకులో ఆయనే అన్నాడు, "ఉన్నోళ్లు ఈ వరసలో నిలబడితే సిగ్గుండాల" అని. జనం చప్పట్లు కొట్టారు.

ఆయన ఇప్పుడు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. సుంకమ్మ ముప్పై ఏళ్లు ఆయన చేలో శనక్కాయ పీకిన మనిషి. బోర్లు ఎండి చేను బీడు పడ్డాక ఆమె కూలీ పోయింది, ఆయన రాబడీ పోయింది. అయినా ప్రతి నెలా ఆమెను ఆస్పత్రికి వెంటబెట్టుకొచ్చేది ఆయనే. అట్లాంటి ఆసామి ఈ కాలంలో ఎక్కడున్నాడని ఊరు చెప్పుకుంటుంది.

హేమావతి వంగి సుంకమ్మ కాలు చూసింది. బొటనవేలి కింద పుండు. అంచులు నల్లబడుతున్నాయి.

"అవ్వా, ఇట్లే ఉంటే వేలు తీసేయాల్సొస్తాది. ఆ తర్వాత పాదం. నిజం చెప్పు. పొద్దున ఒగటి, రాత్రి ఒగటి ఏసుకుంటాండావా, లేదా?"

సుంకమ్మ నేల చూపులు చూసింది.

"అడుగుతాండేది నిన్నే!"

"ఒగ పూట... మర్సిపోతాండా తల్లీ."

"సంగటి తినేది మర్సిపోతాండావా?" పక్క కుర్చీలోంచి ముసలి లింగప్ప అందుకున్నాడు. "రాయదుర్గం సంతలో అంగడి పెట్టిందేమో, ఇసారించు నర్సమ్మా!"

నలుగురూ పగలబడి నవ్వారు. సుంకమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

రాఘవేంద్ర మెడ మీద చెమట తుడుచుకున్నాడు. "చాల్లేమ్మా. పెద్ద మనిషిని నలుగుర్లో అట్లనొద్దు."

"అయితే మీరే చెప్పండి సార్. మీ మాటైతే ఇంటాది. మీ ఎదురుగా ఒట్టేయమనండి, రెండు పూటలా ఏసుకుంటానని."

ఆయన సుంకమ్మ మొహం చూడలేకపోయాడు. "ఏసుకుంటాదిలే" అని గొణిగాడు.

ఆయన ఒట్టు అడగకుండానే సుంకమ్మ నర్సు చేతిలో చేయి వేసింది. "ఏసుకుంటా తల్లీ."

"వచ్చే నెల గూడా తగ్గలేదంటే ఈడ మాత్రలు ఇయ్యను. అనంతపురం పెద్దాస్పత్రికి రాసి పంపిస్తా." హేమావతి ఆరు అట్టల మాత్రలు కవర్లో వేసిచ్చింది.

ఇద్దరూ వాలుదారి దిగారు. సుంకమ్మ కుంటుతోంది. ఆయన తల దించుకుని వెనకాల నడుస్తున్నాడు. గోడ మలుపు తిరిగాక, చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని ఆగారు.

"నీ షుగరు గూడా తగ్గాల గదా సామీ," అంటూ సుంకమ్మ ప్రతి నెలలాగే మూడు అట్టలు తీసి ఆయన జేబులో పెట్టింది.