కజికా చోటు

నుయి గుమ్మంలో బుట్ట దించింది. నిండా కజికాలే. వాగు అడుగున రాళ్ళ కింద నక్కి బతికే చేపలు, బొటనవేలంత లావున నిగనిగలాడుతున్నాయి.

"ఎక్కడ పట్టావ్?" అన్నాడు కొహెయ్, రోజూ అడిగినట్టే.

"వాగులో."

"వాగని నాకూ తెలుసు. ఏ రాయి కింద?"

"చెప్పకూడదండీ. పెద్దవాళ్ళకి మాటిచ్చాను." భార్య బుట్టతో సహా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కొహెయ్‌కి ఒళ్ళు మండిపోయింది. ఆ కొండ ఊళ్ళో ఇంటికో కజికా చోటు ఉంటుంది. అది ఇంట్లో ఒక్కరికే తెలియాలి. ఆ ఒక్కరూ కాలూ చెయ్యీ ఆడని రోజొస్తే, తమకు నచ్చిన ఇంకొక్కరి చెవిలో వేసి వెళ్ళాలి. కొహెయ్ తండ్రి తామెజోని చుట్టుపక్కల ఊళ్ళన్నీ కజికా తామెజో అనేవి. ఆయన నిండు బుట్ట భుజాన వేసుకుని వంతెన మీద దర్జాగా నడిచొస్తుంటే, వెనకాల అమ్మ మోకాళ్ళదాకా తడిసిన బట్టల్లో వణుకుతూ వచ్చేది. ఆ బుట్ట ఎప్పటికైనా తన భుజానికి వస్తుందని కొహెయ్ చిన్నప్పటినుంచీ ఆశపడ్డాడు. తీరా తండ్రికి మోకాళ్ళు పట్టేసి, అమ్మ కన్నుమూశాక, ఆ వసంతంలో బుట్ట కోడలి భుజానికెక్కింది.

ఊరు ఊరుకుంటుందా? వంతెన దగ్గర పొరుగింటి గింజి పళ్ళికిలించాడు.

"ఏరా కొహెయ్, ఇంతకీ ఇల్లరికం వచ్చింది నువ్వా, మీ ఆవిడా?"

ఆ మాట పట్టుకుని కొహెయ్ తిన్నగా వాగులో దిగాడు. అడుగున అద్దం బిగించిన చెక్కపెట్టెను నీళ్ళమీద ఆనించి, మెడ పట్టేసేదాకా రాయి రాయీ వెతికాడు. ఒకే ఒక్క కజికా కనిపించింది. రాతికి అంటుకున్న గుడ్లకి కాపలా కాస్తున్న మగచేప. పుల్లతో పొడిచినా కదల్లేదు. బిడ్డలమీద దానికున్నపాటి ప్రేమైనా నాన్నకి లేకపోయిందే అనుకున్నాడు. ఏడుపొచ్చింది. పెళ్ళాం మీద అసూయపడుతున్నందుకు సిగ్గేసింది కూడా, అయినా అసూయ తగ్గలేదు.

సాయంత్రం నుయి చేపల్ని పుల్లలకు గుచ్చి పొయ్యి చుట్టూ నిలబెట్టింది. బాగా కాలిన రెండింటిని గిన్నెలో వేసి, పైన వేడివేడి సాకే, అదే బియ్యపు సారా, పోసి మామగారికి అందించింది. తామెజో ఒక్క గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు.

"అదే రుచి తల్లీ. ఏమీ తేడా లేదు."

కొహెయ్ తన గిన్నె పక్కకు తోసేశాడు.

"నాన్నా, నేను నీ కొడుకునా, కాదా?"

"ఈ వయసులో నీకా అనుమానమేంట్రా?"

"పరాయి ఊరినుంచి వచ్చినదానికి తెలుసు. ఈ వాగులో ఈత నేర్చినవాణ్ణి నాకు తెలీదు. ఊళ్ళో తలెత్తుకోలేకపోతున్నా."

"ఎవడేమన్నాడు?"

"ఎవడంటే ఏంటి? సంచి సర్దుకున్నా. చెప్తే ఉంటా. లేదంటే రేపు పొద్దున్న బస్సుకి పట్నం పోతా. నువ్వూ నీ కోడలూ సుఖంగా చేపలు తినండి."

నుయి అడ్డొచ్చింది. "ఏమండీ, మామయ్యనేమీ అనకండి. నేనే..."

"నువ్వు నోర్మూసుకో!"

తామెజో గిన్నె కింద పెట్టాడు. కోడలి వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. మూలనున్న సంచి వైపు చూసి, గడ్డం నిమురుకున్నాడు.

"ఊళ్ళో ఎవరితోనూ అనవు కదా? ఆ గింజిగాడితో అసలు అనకూడదు. ఈ వయసులో నా పరువు పోతుంది."

"అనను నాన్నా! ఒట్టు!"

కొహెయ్ గబగబా జరిగి తండ్రి పక్కన కూర్చున్నాడు. చెవి ఒగ్గాడు. ముసలాయన ఆ చెవిలోకి వంగాడు.

"మీ అమ్మ నాకూ చెప్పలేదురా."