రెండడుగుల దూరం

“బాబూ, మళ్ళీ గుంటకేసే సూస్తన్నారు,” అన్నాడు సోములు, భుజమ్మీది సంచీ కింద పెడుతూ. “దాని మాట మర్సిపోండని ఎన్నిసార్లు సెప్పాలి?”

ఉమాపతి కర్ర ఆపి నిట్టూర్చాడు. బంతికీ గుంటకీ మధ్య రెండే రెండడుగులు. పొద్దుటి మంచు ఇంకా విడలేదు, బూట్లు తడిసి ముద్దయ్యాయి. ఇప్పటికి యాభై సార్లు కొడితే ముప్పై సార్లు చెయ్యి మాట విన్లేదు. ఇంజినీరింగ్ చదివి, కొండలెక్కేలా నీళ్ళు తోడించే మనిషికి ఈ రెండడుగులు లొంగడం లేదంటే వినేవాళ్ళకి నవ్వొస్తుంది. నవ్వే స్థితిలో అతను మాత్రం లేడు.

రెండేళ్ళ కిందట కంపెనీ కాలనీ గోల్ఫ్ టోర్నమెంటు ఫైనల్లో ఇదే గుంట, ఇంతే దూరం. ఎదురుగా అప్పటి పెద్దసారు. ఒక్క క్షణం మనసు అదుపు తప్పింది, చెయ్యి దాని పని అది చేసేసింది. వారం తిరక్కుండా ఉమాపతిని నందపూర్ అవతల కొండ మీది పంపుహౌసుకి తోసేశారు. భార్య ధనశ్రీ రాయగడలో వాళ్ళమ్మ బట్టల కొట్టు చూసుకుంటూ పాపతో అక్కడే ఉండిపోయింది. నెలకి రెండు ఆదివారాల కాపురం. మొన్న బడిలో టీచరు మీ నాన్న ఎక్కడుంటారని అడిగితే, ఐదేళ్ళ బిందుశ్రీ ఫోన్లో ఉంటాడని చెప్పిందట. ధనశ్రీ ఆ మాట నవ్వుతూ మొదలుపెట్టి, పూర్తి చెయ్యలేక ఫోను పెట్టేసింది. ఉమాపతికి ఆ పూట అన్నం సహించలేదు.

రాయగడ పంపమని పెట్టుకున్న అర్జీ నాలుగు నెలలుగా ఇప్పటి పెద్దసారు దేబాశిష్ గారి బల్ల మీద నానుతోంది. ఆయనకి గోల్ఫంటే పిచ్చి. మనిషి ఎలాంటివాడో ఫైళ్ళలో తెలీదు, ఆఖరి గుంట దగ్గరే తెలుస్తుందని నలుగురిలోనూ అంటుంటాడు. ఈ ఏడాది ఫైనల్లో ఆయనకి ఎదురు నిలిచింది ఉమాపతే. ఆ సంగతి తెలిసిన రోజే ఉమాపతి బైకేసుకుని సోములు ఇంటికి పరిగెత్తాడు.

సోములు ముప్పై ఏళ్ళుగా ఆఫీసర్ల గోల్ఫ్ కర్రల సంచులు మోస్తున్న క్యాడీ. తను కర్ర పట్టి ఆడింది లేదు గానీ, ఆడేవాడి బుర్ర ఏ సందులో తిరుగుతోందో మెడ వంపు చూసి చెప్పెయ్యగలడు. అతని దగ్గర పాఠం చెప్పించుకున్న ముగ్గురు ఆఫీసర్లూ ఇవాళ కోరుకున్న ఊళ్ళలో, కోరుకున్న కుర్చీల్లో ఉన్నారు. అంతకు మించిన సర్టిఫికెట్ ఏం కావాలి?

“మీ సెయ్యికి ఏటీ లోటు లేదు బాబూ. రోగమంతా బుర్రలో ఉంది,” అన్నాడు సోములు. “నానింత ఆటగాడిని, అందరూ నన్నే సూస్తన్నారు అని లోపల ఒకడు అరుస్తంటాడు. ముందు ఆడి నోరు ముయ్యండి. మనసుని ఇక్కడ ఉంచకండి, ఎక్కడికైనా పంపించీండి.”

“ఎక్కడికి?”

“అది మీకే తెలవాల. ఊపిరి మెల్లగా ఒగ్గుతూ కర్ర కదపండి. కొట్టినాక ఏటైతే అదవుతాది. మొహం మాత్రం మారకూడదు.”

మూడు వారాలు ఉమాపతి రోజూ తెల్లారకుండానే కొండ దిగి వచ్చాడు. చలికి ముక్కు కారినా మానలేదు. మొదట్లో చెయ్యి మొరాయించింది, తర్వాత మొహం మొరాయించింది. పళ్ళు బిగించకండి బాబూ, పెళ్ళి ఫొటోకి నిలబడినట్టున్నారు అని సోములు వేళాకోళం చేశాడు. చివరి వారానికి పదింట తొమ్మిది కుదిరాయి. సోములు బీడీ వెలిగించి, ఇక దేవుడి దయ అన్నాడు.

ఫైనల్ ఆదివారం ఉదయం పెట్టారు. కాలనీ అంతా కుర్చీలేసుకుని కూర్చుంది. ఎనిమిది గుంటలు దాటేసరికి ఇద్దరి ఆటా సమానం. ఆఖరిదైన తొమ్మిదో దాంట్లో దేబాశిష్ సారు తన వంతు ముగించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఉమాపతి బంతి సరిగ్గా రెండడుగుల దూరంలో ఆగింది. ఈ ఒక్క దెబ్బకి పడితే కప్పు ఉమాపతిది. పడకపోతే పోయినేడు గెలిచిన లెక్కన సారు దగ్గరే ఉండిపోతుంది.

ఉమాపతి బంతి ముందు నిలబడ్డాడు. లోపలున్నవాడు లేచి అరవడం మొదలెట్టాడు. వాడి నోరు మూశాడు. మనసుని రాయగడ పంపించాడు. అక్కడ బట్టల కొట్టు అరుగు మీద బిందుశ్రీ చెప్పులు తిరగేసి తొడుక్కుంటోంది. ఊపిరి మెల్లగా వదిలాడు, కర్ర కదిపాడు. మొహం మారలేదు.

చప్పట్లు మారుమోగాయి. దేబాశిష్ సారు గబగబా వచ్చి అతన్ని వాటేసుకున్నాడు. ఇంత ఒత్తిడిలోనూ ఇంత నిబ్బరమా అని ఒడియాలో మెచ్చుకుని, నీలాంటివాడు కొండ మీద ఉండాల్సినవాడు కాదన్నాడు. సోమవారం పొద్దున్నే ఆఫీసుకి రమ్మన్నాడు, అర్జీ మీద సంతకం పెట్టేస్తానన్నాడు.

ఉమాపతి పక్కకెళ్ళి రాయగడకి ఫోన్ చేశాడు.

“ఏటైంది?” అంది ధనశ్రీ, ఊపిరి బిగబట్టి.

“వచ్చేస్తన్నాను,” అన్నాడు. “ఇంక ఫోన్లో ఉండనని అమ్మికి సెప్పు.”

అవతల ఏడుపూ నవ్వూ కలగలిసి వినబడ్డాయి. అతనికీ కళ్ళు చెమర్చాయి, ఈసారి మొహం మారినా పర్లేదనుకున్నాడు. తుడుచుకుని వెనక్కి చూశాడు.

బంతి గుంటకి జానెడు ఇవతలే, మూడు వారాలుగా ఆపడం నేర్చుకున్న చోటే ఉంది.