తాత తువ్వాలు తగిలించిన పక్క

వేరుశనగ చేలు పోయి, పీపాల్లా లావుగా ఎదిగే పీపాజెముళ్లు వచ్చాక, అనంతపురం పల్లెల్లో ఊరు మారే ప్రతి కుటుంబమూ పెరటి జెముడును వెంట తీసుకెళ్లేది. నీడన పెరిగిన లేత పక్కను ఎండకు తిప్పి నాటితే చెట్టు కమిలి చస్తుంది. అందుకే తవ్వేముందు ఎండ పడే దక్షిణం పక్కన పసుపు బొట్టు పెట్టేవారు.

కొత్త కాలనీలో గుంత తవ్వాక చూస్తే, తాత నాటిన జెముడుకు బొట్టు లేదు.

"అవ్వా, బొట్టేదీ?" అంది చందన కంగారుగా.

"దుమ్ముతో ఎట్ల తీస్కపోయేదని కడిగినా పాపా," అని హంపమ్మ నాలుక కరుచుకుంది.

"పెండ్లికూతుర్ని చేసినావా దాన్ని!"

చందన చుట్టూ తిరిగింది. అంతటా అవే నిలువు చాళ్లు, కొక్కేల్లా వంగిన అవే ఎర్రముళ్లు, నెత్తిన పసుపు పూల వలయం. ఒక్కచోట మాత్రం, భుజమెత్తున, నాలుగు ముళ్లు అరిగి మొండిగా ఉన్నాయి.

"తాత తువ్వాలు ఏ పక్క తగిలించేటోడు?"

"నీడపక్కనే. ఎండకు తువ్వాలు గట్టిపడతాదని సణిగేటోడు."

ఆ పక్కను ఉత్తరానికి తిప్పి నాటారు. హంపమ్మ మూటలోంచి తాత పాత తువ్వాలు తీసి తగిలించబోతే, అరిగిన ముళ్లనుంచి జారిపోయింది. పక్కనే ఇంకా వంపు పోని నాలుగు ముళ్లకు తగిలించింది.

"ఇంగ ఈ నాలుగూ నావి," అంది.