మూడో ఉదాహరణ

పెయ్‌లాన్ మైకు ఆపగానే చెంప ఛెళ్ళుమంది.

"పది నిమిషాల్లో పాఠం ముగించి సంతకం పెట్టు. లేదంటే ఇక్కడే నరుకుతా," అన్నాడు షౌచెంగ్.

బల్ల మీద కాగితం, పక్కనే మాంసం కత్తి. పెయ్‌లాన్‌కి వాళ్ళ నాన్న ఇచ్చిన ఇల్లు అది. ఇప్పుడు మొగుడికి రాసిచ్చెయ్యాలట! అన్నంత పనీ చేసే రాక్షసుడే వాడు. నిరుడు ఆమె చెయ్యి విరిచాడు.

ఆమె ఫోన్లో చెప్పే ఇంగ్లీషు పాఠం మాత్రం మాననివ్వలేదు. ఆదివారం పొద్దున టీచరు గొంతు వినపడకపోతే నాలుగొందల మంది ఆరా తీస్తారు.

మూలన అత్త ఒళ్ళో ఫోను, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని బఠాణీలు ఒలుస్తోంది. పొద్దస్తమానం సిచువాన్ నాటకాలు వింటుంది మహాతల్లి. "మెల్లగా కొట్టరా, పక్కింటికి వినిపిస్తుంది," అంది. కన్నకొడుకు కదా మరి!

పెయ్‌లాన్ నోట్లో రక్తం మింగి మైకు ఆన్ చేసింది.

"ఇవాళ్టి మాట 'ఎన్‌టైటిల్'. అంటే హక్కునివ్వడం. మన చైనావాళ్ళు ఇక్కడే పొరబడతారు. నాకు కావాలి అన్నంత మాత్రాన హక్కు రాదు. కాగితమో, చట్టమో ఇవ్వాలి. ఉదాహరణలు వినండి."

ఉదాహరణలు ఇంగ్లీషులో చెప్పింది. ఈ ఇంటి మీద హక్కు నాది. నన్ను కొట్టే హక్కు ఇతనికి లేదు. ఇతని దగ్గర కత్తి ఉంది, నాకు బతికే హక్కుంది.

షౌచెంగ్‌కి ఇంగ్లీషు ముక్క రాదు. వీధి పేరు వినిపిస్తే మాత్రం పట్టేస్తాడు.

ఫోన్ తెర నిండా ప్రశ్నలు. ఆ క్లాసులో రాసేదీ ఇంగ్లీషులోనే. ఎక్కడున్నారు టీచర్? ఏ ఊరు? ఏ వీధి? 'అల్లం ముక్క' అని పేరు పెట్టుకున్న మొద్దు విద్యార్థిని మాత్రం ఎప్పటిలాగే, మూడోది మళ్ళీ చెప్పండి అంటూ రాసింది.

"ఏం ఏడుస్తున్నారే వాళ్ళు?" మైకు ఆపించి అడిగాడు షౌచెంగ్.

"అర్థం కాలేదంటున్నారు."

"చెప్పి చావు."

మైకు ఆన్ చేసి మూడోది మళ్ళీ చెప్పింది.

"గంజి పొంగుతోంది," అంటూ అత్త వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుంది.

పాఠం అయిపోయింది. వాడు జుట్టు పట్టుకుని ఆమె తలని బల్లకేసి కొట్టాడు. వేళ్ళ మధ్య పెన్ను కుక్కాడు.

"పెట్టను," అంది పెయ్‌లాన్.

కత్తి లేచింది. అరచెయ్యి అడ్డం పెట్టింది. రెండు వేళ్ళు తెగాయి.

అప్పుడు వీధి తలుపు బద్దలైంది. నలుగురు పోలీసులు వాణ్ణి నేలకేసి అదిమారు.

"వీధి పేరు నేను చెప్పనే లేదే! ఎలా వచ్చారండీ?" తువ్వాలు చేతికి చుట్టుకుంటూ అడిగింది.

"ఎవరో ఫోన్ చేశారమ్మా. పేరడిగితే అల్లం ముక్క అన్నారు. ఎవరిక్కడ అల్లం ముక్క?"

వంటింటి తలుపు తీసుకుని వచ్చిన అత్త, చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు లాగి, క్లాసులో పిల్లలా చెయ్యెత్తింది.